పాయింట్లు సమమైతే కప్పు ఎవరికి? మీ రేసింగ్ లీగ్‌కు టై నియమం ఎంచుకోవడం

హైదరాబాద్‌లో ఆఫీసు టీమ్‌లు నెలకో వారాంతం కొంపల్లి వైపో శంషాబాద్ వైపో వెళ్లి కార్టింగ్ పోటీ పెట్టుకుంటాయి. ఇంట్లో స్టీరింగ్ వీల్, పెడల్స్ బిగించుకుని ఆన్‌లైన్‌లో సిమ్ రేసింగ్ సీజన్ నడిపే స్నేహితుల బృందాలూ ఉన్నాయి. వీళ్ల దగ్గర ఒక ఎక్సెల్ షీట్, ఒక వాట్సాప్ గ్రూపు, ఫార్ములా వన్ నుంచి తెచ్చుకున్న 25-18-15 పాయింట్ల పట్టిక దాదాపు తప్పకుండా ఉంటాయి. సాధారణంగా ఉండనిది ఒక్కటే: ఇద్దరికీ సమానంగా పాయింట్లు వస్తే ఏం చేయాలన్న నియమం. ఆఖరి రేసు అయ్యాక పట్టికలో పై రెండు పేర్ల ఎదుట ఒకే అంకె కనిపించగానే గ్రూపులో గొడవ మొదలవుతుంది. అప్పుడు ఎవరు ఏ పద్ధతి చెప్పినా, దానివల్ల ఎవరికి లాభమో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఈ నిర్ణయం మొదటి రేసుకు ముందే జరిగిపోవాలి.

పెద్ద ఛాంపియన్‌షిప్‌లు ఈ చిక్కును ఒక్కొక్కటి ఒక్కోలా విడదీసుకున్నాయి. నా మొగ్గు కౌంట్‌బ్యాక్ వైపే (ఎక్కువ విజయాలున్నవాళ్లు ముందు, అవీ సమమైతే రెండో స్థానాలు, అలా కిందికి), ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. అయితే "టై అయితే కౌంట్‌బ్యాక్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే చిన్న లీగ్‌కు చాలదు. కౌంట్‌బ్యాక్ కూడా సమమైతే ఏం చేయాలన్న దగ్గరే అసలు ఎంపిక మొదలవుతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, ఆ నియమం టైని నిజంగా తెంపుతుందా, లేక ఇంకో టై దగ్గరకు తీసుకెళ్లి ఆపేస్తుందా?

రెండోది, అది దేనికి విలువ ఇస్తుంది? గెలవడానికా, నిలకడకా, ఎదుటివాడిని ఓడించడానికా, సీజన్ చివర్లో ఊపందుకోవడానికా?

మూడోది, రేసు నడుస్తుండగా పక్కన నిలబడి చూసేవాళ్లు లెక్క వేసుకోగలరా? దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2008లో ఫార్ములా వన్ బ్రెజిల్ రేసు ఆఖరి ల్యాప్‌లో లూయిస్ హామిల్టన్ ఆరో స్థానంలో ఉన్నాడు. అలాగే ముగిస్తే అతనికీ, రేసు గెలిచిన ఫెలిపె మాసాకూ చెరి 97 పాయింట్లు. సీజన్‌లో మాసాకు ఆరు విజయాలు, హామిల్టన్‌కు ఐదు. అంటే టైటిల్ మాసాది. వానలో పట్టు దొరక్క నెమ్మదించిన టిమో గ్లాక్‌ను చివరి మలుపుల దగ్గర దాటేసి హామిల్టన్ ఐదో స్థానంతో 98కి చేరాడు. ఆ టెన్షన్ అంత గట్టిగా తగలడానికి కారణం, టై అయితే ఎవరు గెలుస్తారో చూసేవాళ్లకు అప్పటికే తెలిసి ఉండటం.

నాలుగోది చిన్న లీగ్‌లకే ప్రత్యేకం. రేసుకు రాలేకపోయిన వాళ్ల సంగతేమిటి? ప్రొడక్షన్ రిలీజ్ అనో, ఊళ్లో పెళ్లి అనో ఎవరో ఒకరు ప్రతిసారీ తగ్గుతారు.

ఇవన్నీ పట్టి చూడటానికి ఒక ఊహా సీజన్ తీసుకుందాం. నాలుగు రేసులు, ఫార్ములా వన్ పాయింట్లు, టైలో ఇద్దరు: 7వ నంబర్, 12వ నంబర్.

| రేసు | 7వ నంబర్ స్థానం | పాయింట్లు | 12వ నంబర్ స్థానం | పాయింట్లు |
|---|---|---|---|---|
| మొదటిది | 1 | 25 | 2 | 18 |
| రెండోది | 6 | 8 | 5 | 10 |
| మూడోది | 7 | 6 | 6 | 8 |
| నాలుగోది | 4 | 12 | 3 | 15 |
| మొత్తం | | 51 | | 51 |

కింద చదవబోయే ముందు, మీ మనసు ఈ ఇద్దరిలో ఎవరి వైపు మొగ్గుతోందో చూసుకోండి. మీ లీగ్ ఎలా ఉండాలనుకుంటున్నారో అందులోనే సగం తెలిసిపోతుంది.

## కౌంట్‌బ్యాక్

ఎవరికి ఎక్కువ విజయాలుంటే వాళ్లు ముందు. అవి సమమైతే రెండో స్థానాలు, అవీ సమమైతే మూడో స్థానాలు, అలా తేడా కనిపించేదాకా కిందికి దిగుతూ పోవడమే కౌంట్‌బ్యాక్. ఫార్ములా వన్ పద్ధతి ఇదే. మన ఉదాహరణలో 7వ నంబర్‌కు ఒక విజయం ఉంది, 12కు లేదు. కథ అక్కడితో సరి.

ఫార్ములా వన్ డ్రైవర్ల టైటిల్ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా టై మీద తేలలేదు గానీ, కింది స్థానాలు తేలాయి. 2007లో హామిల్టన్, ఫెర్నాండో అలోన్సో చెరి 109 పాయింట్లతో, చెరి నాలుగు విజయాలతో ముగించారు. రెండో స్థానాలు హామిల్టన్‌కు ఐదు, అలోన్సోకు నాలుగు. హామిల్టన్ రెండో ర్యాంకు తీసుకున్నాడు (ఒకే ఒక్క పాయింటు ఎక్కువతో కిమి రైకోనెన్ టైటిల్ పట్టుకుపోయాడు, అది వేరే బాధ). 2023లో అలోన్సో, షార్ల్ లెక్లెర్ 206 దగ్గర సమమయ్యారు. ఇద్దరికీ విజయాల్లేవు, రెండో స్థానాలు చెరి మూడు. మూడో స్థానాలు అలోన్సోకు ఐదు, లెక్లెర్‌కు మూడు. నాలుగో ర్యాంకు అలోన్సోది. పాయింటే లేనివాళ్ల మధ్య కూడా ఈ లెక్క నడుస్తుంది: 2012 ఆఖరి రేసులో క్యాటర్‌హామ్ డ్రైవర్ విటాలి పెట్రోవ్ 11వ స్థానంలో రావడంతో, తమలాగే సున్నా పాయింట్లున్న మరూసియా టీమ్‌ను దాటి క్యాటర్‌హామ్ పదో ర్యాంకు దక్కించుకుంది.

టైటిల్ టై మీదే తేలడం చూడాలంటే అమెరికా వెళ్లాలి. 2011 నాస్కార్ కప్‌లో టోనీ స్టువర్ట్, కార్ల్ ఎడ్వర్డ్స్ చెరి 2403 పాయింట్లతో ముగించారు. ఆఖరి రేసులో స్టువర్ట్ మొదటివాడు, ఎడ్వర్డ్స్ రెండోవాడు. సీజన్ విజయాలు 5-1. కప్పు స్టువర్ట్‌ది. హువాన్ పాబ్లో మోంటోయా అయితే ఈ నియమం తీపీ చేదూ రెండూ రుచి చూశాడు. 1999 కార్ట్ (CART) సిరీస్‌లో, అంటే చిన్న కార్టులు కాదు, ఇండీకార్ తరహా పెద్ద రేసు కార్ల పోటీలో, డారియో ఫ్రాంకిటితో 212 దగ్గర సమమై, 7-3 విజయాలతో ఛాంపియన్ అయ్యాడు. 2015 ఇండీకార్‌లో స్కాట్ డిక్సన్‌తో 556 దగ్గర సమమై, 2-3 విజయాలతో ఓడాడు. సీజన్ మొదటి రేసు గెలిచినప్పటి నుంచి పట్టికలో అతనే ముందున్నాడు. చివరి రేసుకు రెట్టింపు పాయింట్లు పెట్టారు, దాన్ని డిక్సన్ గెలిచాడు. ఆ ఒక్క గెలుపే పాయింట్లనూ సమం చేసింది, టైనీ తెంపింది.

నిలకడగా నడిపినవాళ్లకు ఇది అన్యాయం అని ఒక వాదన ప్రతి సీజన్‌లోనూ వినిపిస్తుంది. నేను దాంతో ఏకీభవించను. 12వ నంబర్ ఒక్క రేసూ గెలవకుండా 51కి చేరగలిగిందంటే, నిలకడకు రావాల్సిన ప్రతిఫలం పాయింట్ల రూపంలో అప్పటికే అందింది. అదే గుణానికి టైలో మళ్లీ విలువ కట్టడమెందుకు? నిలకడకు ఇంకా ఎక్కువ దక్కాలనుకుంటే పాయింట్ల పట్టికనే మార్చుకోండి, మొదటి రెండు స్థానాల మధ్య తేడా తగ్గించండి. టై నియమంతో ఆ పని చేయించకండి.

అసలు లోపం వేరే చోట ఉంది. నాలుగు రేసుల సీజన్‌లో ఇద్దరు గట్టి డ్రైవర్లు మొదటి, రెండో స్థానాలను మార్చి మార్చి పంచుకున్నారనుకోండి. చెరి 86 పాయింట్లు, చెరి రెండు విజయాలు, చెరి రెండు రెండో స్థానాలు. కౌంట్‌బ్యాక్ దగ్గర ఇక చెప్పడానికి ఏమీ మిగలదు. ఇరవై పైచిలుకు రేసులుండే ఫార్ములా వన్‌లో ఇలా జరగడం అరుదు. నాలుగైదు రేసుల ఆఫీసు లీగ్‌లో బాగా జరిగే పనే.

## ఆ ఫలితం ఎప్పుడు వచ్చింది?

ఇక్కడ మోటార్‌సైకిల్ రేసుల మోటోజీపీ నుంచి ఒక ముక్క అప్పు తెచ్చుకోవచ్చు. అక్కడా ముందు కౌంట్‌బ్యాకే. అదీ సమమైతే అత్యుత్తమ స్థానం ఎవరికి ఆలస్యంగా వచ్చిందో చూస్తారు, సీజన్‌లో తర్వాతి తేదీన సాధించినవాళ్లు ముందు. పై 86-86 ఉదాహరణలో నాలుగో రేసు గెలిచినవాళ్లదే కప్పు.

రేసు ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో ఇది తిరగబడుతుంది, ముందు చేసినవాళ్లదే పైచేయి. 1997లో స్పెయిన్‌లోని హెరెత్‌లో ఫార్ములా వన్ డ్రైవర్లు జాక్ విల్‌నెవ్, మైకేల్ షూమాకర్, హైంజ్-హరాల్డ్ ఫ్రెంట్జెన్ ముగ్గురూ అచ్చంగా 1:21.072 సమయమే నమోదు చేశారు. ఆ సమయాన్ని ముందుగా సాధించిన వరుసలోనే గ్రిడ్ మీద నిలబడ్డారు. మీరు ఏ వైపు ఎంచుకున్నా తప్పు కాదు. నా ఓటు మాత్రం ఆలస్యంగా వచ్చిన ఫలితానికే, ఎందుకంటే దానివల్ల ఆఖరి రేసుకు ప్రాణం మిగులుతుంది. ఇద్దరు ఒకే రేసులో ఒకే స్థానంలో రాలేరు కాబట్టి టై కచ్చితంగా తెగుతుంది కూడా.

## ముఖాముఖి

ఇద్దరూ పాల్గొన్న రేసుల్లో ఎవరు ఎక్కువసార్లు ముందు ముగించారు? మన పట్టికలో రెండు, మూడు, నాలుగు రేసుల్లో 12వ నంబర్ ముందుంది. 3-1 తేడాతో ఈసారి గెలుపు 12దే. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఇది కొత్తేం కాదు, లా లిగాలో పాయింట్లు సమమైతే ఆ రెండు జట్లూ ఆడుకున్న మ్యాచ్‌లే ముందు చూస్తారు.

వినడానికి చాలా న్యాయంగా ఉంటుంది. రేసింగ్‌లో నాకు పెద్దగా నచ్చదు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఉండేది రెండు జట్లే. రేసులో పదిమంది ఉంటారు. ఆరో స్థానంలో ఒకరు, ఏడో స్థానంలో ఒకరు ముగిస్తే అది వాళ్లిద్దరి మధ్య పోటీ కాకపోవచ్చు, మధ్యలో ఎవరో స్పిన్ అయి దారి మూసేసి ఉండొచ్చు. ముగ్గురు సమమైతే ఒకరు రెండోవాళ్లను, రెండోవాళ్లు మూడోవాళ్లను, మూడోవాళ్లు మళ్లీ మొదటివాళ్లను ఓడించి గుండ్రంగా తిరిగే ప్రమాదం ఉంది. రాని రేసును ఓటమిగా లెక్కించాలా వద్దా అన్నది ఇంకో తగాదా. పైగా 86-86 లాంటి చోట ముఖాముఖి కూడా 2-2. అంటే కౌంట్‌బ్యాక్ చేతులెత్తేసిన చోటే ఇదీ ఎత్తేస్తుంది. రెండో మెట్టుగా పెట్టుకున్నా దాని వెనుక మూడోది ఉండాల్సిందే.

## మొత్తం సమయం

1968లో 250 సీసీ మోటార్‌సైకిల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఫిల్ రీడ్, బిల్ ఐవీ పాయింట్లలోనూ స్థానాల్లోనూ సమమయ్యారు. చివరికి ఇద్దరూ ముగించిన రేసుల సమయాలు కూడి, తక్కువ వచ్చిన రీడ్‌కు టైటిల్ ఇచ్చారు. ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్‌కు అలవాటుపడిన మనవాళ్లకు ఈ తరహా లెక్క సహజంగానే తోస్తుంది.

అద్దె కార్టుల్లో మాత్రం దీని జోలికి పోవద్దు. చీటీలో ఏ కార్టు వచ్చింది, ఎంత బరువున్నవాళ్లు నడిపారు, మధ్యలో నెమ్మదించమని పసుపు జెండా ఎంతసేపు ఊపారు, వాన పడిందా అన్నవన్నీ ఆ సెకన్లలో కలిసిపోతాయి. అందరికీ ఒకే కారు సెటప్ ఇచ్చే సిమ్ రేసింగ్‌లో కొంత అర్థముంది. అక్కడ కూడా ఆఖరి మెట్టుగానే.

## చెత్త ఫలితాన్ని వదిలేయడం

ఇది నేరుగా టై నియమం కాదు. ఒకటో రెండో బలహీన ఫలితాలను లెక్కలోంచి తీసేస్తారు. ఒక రేసు తప్పినవాళ్లకు ఊరట కాబట్టి హాజరు అంతంతమాత్రంగా ఉండే లీగ్‌లకు ఇది మంచిదే. మన ఉదాహరణలో చెరొక చెత్త ఫలితం తీసేస్తే 7వ నంబర్‌కు 45, 12కు 43.

అయితే ఇది తేవగల తలనొప్పి చిన్నది కాదు. 1988 ఫార్ములా వన్‌లో 16 రేసుల్లో మెరుగైన 11 మాత్రమే లెక్కించారు. మొత్తం కూడితే అలెన్ ప్రోస్ట్‌కు 105, అయిర్టన్ సెన్నాకు 94. లెక్కించిన పాయింట్లు సెన్నాకు 90, ప్రోస్ట్‌కు 87. కప్పు సెన్నాది. 1967 మోటార్‌సైకిల్ 250 సీసీలో మైక్ హెయిల్‌వుడ్, ఫిల్ రీడ్ లెక్కించిన పాయింట్లు చెరి 50. మొత్తం కూడితే రీడే ముందు, 56-54. కానీ విజయాలు 5-4 కావడంతో హెయిల్‌వుడ్ ఛాంపియన్. అదే ఏడాది 500 సీసీలో హెయిల్‌వుడ్, జాకొమో అగొస్తీని చెరి 46 పాయింట్లు, చెరి ఐదు విజయాలు. రెండో స్థానాలు 3-2తో అగొస్తీనికి టైటిల్. ఒకే ఏడాదిలో ఒక టై గెలిచి, ఒక టై ఓడినవాడు హెయిల్‌వుడ్.

ఈ పద్ధతి పెట్టుకుంటే ఒక వాక్యం తప్పక రాయండి: కౌంట్‌బ్యాక్‌లో వదిలేసిన రేసుల స్థానాలూ లెక్కకొస్తాయా, రావా? నేనైతే రావాలంటాను. రేసులో వచ్చిన స్థానం వచ్చినట్టే, పాయింట్లు వదిలేసినంత మాత్రాన అది పోదు.

## ఇద్దరికీ కప్పు, లేదా ఇంకో రేసు

1996లో అమెరికాలోని ఇండీ రేసింగ్ లీగ్ తొలి సీజన్‌లో ఉన్నవి మూడే రేసులు. బజ్ కాల్కిన్స్, స్కాట్ షార్ప్ చెరి 246 పాయింట్లతో ముగించారు. టై తెంపే నియమం లేకపోవడంతో ఇద్దరినీ ఉమ్మడి ఛాంపియన్లుగా ప్రకటించారు. కాల్కిన్స్ ఒక రేసు గెలిచాడు, షార్ప్ ఒక్కటీ గెలవలేదు. కౌంట్‌బ్యాక్ ఉంటే టై ఒక్క నిమిషంలో తెగేది. స్నేహితుల మధ్య సరదా పోటీకి ఉమ్మడి కప్పు హాయిగా ఉంటుంది. ప్రైజ్ మనీ ఉంటే మొదటి, రెండో బహుమతులు కలిపి సగం చేయండి, లేకపోతే మూడోవాళ్ల వాటా మీద కూడా మాట వస్తుంది.

ఇంకో రేసు పెట్టడం చూడటానికి అన్నిటికన్నా రంజుగా ఉంటుంది. ట్రాక్ మళ్లీ బుక్ చేయాలి, ఖర్చు ఎవరిదో ముందే తేల్చాలి. అద్దె కార్టులైతే ఐదేసి ల్యాప్‌ల రేసులు రెండు పెట్టి, మధ్యలో కార్టులు మార్చండి. చెరొకటి గెలిస్తే ఆ రెండింటి మొత్తం సమయం చూడండి. రెండు కార్టులూ ఇద్దరూ నడిపారు కాబట్టి ఇక్కడ మాత్రం సమయం లెక్క చెల్లుతుంది.

నిర్వాహకుల ఇష్టానికి వదిలేయడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఫార్ములా వన్ నియమాల్లో కౌంట్‌బ్యాక్ కూడా తేల్చలేకపోతే ప్రపంచ మోటార్ స్పోర్ట్స్ సంస్థ ఎఫ్‌ఐఏ తనకు తగినదని తోచిన ప్రమాణంతో విజేతను ప్రకటించవచ్చని ఉంది. మీ లీగ్‌లో నిర్వాహకులే రేసు కూడా నడుపుతుంటారు, కాబట్టి వద్దు.

## ఒక్కచోట పెట్టి చూస్తే

| పద్ధతి | మన ఉదాహరణలో | 86-86 తెగుతుందా | దేనికి విలువ | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| కౌంట్‌బ్యాక్ | 7 | తెగదు | గెలుపు | దాదాపు అందరికీ, మొదటి మెట్టుగా |
| ఆలస్యంగా వచ్చిన మేలైన ఫలితం | కౌంట్‌బ్యాక్ దగ్గరే తేలింది | తెగుతుంది | సీజన్ చివరి ఊపు | అందరికీ, రెండో మెట్టుగా |
| ముఖాముఖి | 12 | తెగదు | ఎదుటివాళ్లను ఓడించడం | ఎవరూ రేసు తప్పని చిన్న బృందం |
| మొత్తం సమయం | సమయాలు చూడాలి | తెగుతుంది | వేగం | ఒకే సెటప్ ఉన్న సిమ్ లీగ్ |
| చెత్త ఫలితం వదలడం | 7 | తెగదు (చెరొక రెండో స్థానం పోయినా సమమే) | హాజరులో సడలింపు | రాకపోకలు ఎక్కువున్న ఆఫీసు లీగ్ |
| ఉమ్మడి కప్పు | ఇద్దరూ | అవసరం లేదు | స్నేహం | బహుమతి లేని సరదా పోటీ |
| ఇంకో రేసు | ట్రాక్ మీద తేలాలి | తెగుతుంది | ఆ రోజు ఫామ్ | డబ్బూ సమయమూ ఉన్నవాళ్లు |

నాలుగు నుంచి ఆరు రేసుల ఆఫీసు కార్టింగ్ అయితే ఒక చెత్త ఫలితం వదిలేయండి, కౌంట్‌బ్యాక్ పెట్టండి, ఆ తర్వాత తేదీ నియమం (మేలైన ఫలితం ఆలస్యంగా వచ్చినవాళ్లు ముందు). పది దాటిన సిమ్ సీజన్‌కు కౌంట్‌బ్యాక్, తేదీ చాలు. పిల్లల కార్టింగ్ అయితే ఉమ్మడి కప్పుకు నేను అడ్డు చెప్పను. పదేళ్లవాళ్ల మధ్య తేదీల లెక్క పెట్టి ఒకరిని ఏడిపించడం దేనికి? అంచనాలు వేసుకునే ఫ్యాంటసీ లీగ్‌లో అసలు స్థానాలే ఉండవు కాబట్టి, ఆఖరి రేసు విజేత సమయాన్ని ముందుగా ఊహించి రాయించుకుని, దగ్గరగా చెప్పినవాళ్లకు ఇవ్వండి.

గ్రూపులో పెట్టడానికి వీలుగా నియమం ఇలా ఉండొచ్చు:

"పాయింట్లు సమమైతే ఎక్కువ విజయాలున్నవారు ముందు. అవి సమమైతే రెండో స్థానాలు, తర్వాత మూడో స్థానాలు, ఇలా చివరిదాకా. వదిలేసిన రేసుల స్థానాలు కూడా లెక్కకొస్తాయి. రాని రేసుకు స్థానం లేదు. అన్నీ సమమైతే తమ అత్యుత్తమ స్థానాన్ని సీజన్‌లో ఆలస్యంగా సాధించినవారు ముందు. పెనాల్టీలన్నీ తేలాక ప్రకటించిన ఫలితాలే చెల్లుతాయి."

ఆ చివరి వాక్యం కొట్టేయకండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఇ (ఎలక్ట్రిక్ కార్ల) రేసును జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మూడోవాడిగా గీత దాటింది సెబాస్టియన్ బ్యూమీ, కానీ పెనాల్టీ పడటంతో ఆ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు వెళ్లింది. 2008లో ఫార్ములా వన్ బెల్జియం రేసు గీతను ముందు దాటింది హామిల్టనే. 25 సెకన్ల పెనాల్టీతో అతను మూడో స్థానానికి జారితే గెలుపు మాసాకు దక్కింది. పైన చెప్పిన 6-5 విజయాల లెక్కలో ఆ గెలుపూ ఉంది. అది హామిల్టన్ దగ్గరే ఉండి ఉంటే విజయాలు అతనికి ఆరు, మాసాకు ఐదు అయ్యేవి.